బుట్టలో తిరిగి పెట్టిన వాగ్దానం

ఆ పొద్దున ఆకాశమంతా పసుపు పట్టి ఉంది. అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఏప్రిల్ వచ్చిందంటే పైన్ చెట్ల పుప్పొడి లేచి కార్ల మీద, మెయిల్ పెట్టెల మీద, పిల్లలు బయట వదిలేసిన సైకిళ్ల మీద పల్చగా పరుచుకుంటుంది. ఈ ఏడు వానలు వెనకబట్టి అది మరీ ఎక్కువైంది. సూర్యుడు ఆ పొడి వెనక పాత రాగిబిళ్లలా కనబడుతున్నాడే గాని వెలుగు కిందికి దిగడం లేదు. పడమట చెట్ల నెత్తిన మాత్రం సన్నటి నల్లగీత ఒకటి ఉంది.

ఏసోబు వెనక మెట్ల మీద నిలబడి ఆ గీతనే చూశాడు. సాయంత్రానికి వాన, అనుకున్నాడు. వాన విషయంలో అతని అంచనా ఎప్పుడూ తప్పలేదు.

జేబులో ఫోను మోగింది. కూతురు కరుణ.

"నాన్నా, పడుకున్నావా రాత్రి?"

"ఆఁ."

పడుకోలేదని ఆమెకూ తెలుసు. ఆమె పడుకోలేదని అతనికీ తెలుసు. ఫోనులో ఆసుపత్రి మిషన్ల కూత వినబడుతోంది.

"డాక్టర్లు ఇవాళ మాతో కూర్చుని మాట్లాడాలంటున్నారు. నువ్వూ రా. కౌస్తుభ్ ఇక్కణ్ణుంచి కదిలేట్టు లేడు. మల్లికి మెసేజ్ పెట్టా, తను డ్రైవ్ చేసి తీసుకొస్తుంది." కరుణ అక్కడెవరికో థాంక్యూ చెప్పి మళ్లీ ఫోనులోకి వచ్చింది. "నాన్నా, ఫ్రిజ్ మీద మన వాగ్దానం ఉంది కదా. అది తీసుకురా. పాప పక్కన పెడదాం."

ఏసోబు తల తిప్పి వంటింటి వైపు చూశాడు.

"నాన్నా?"

"తెస్తాలే."

లోపలికి వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. మామిడిపండు బొమ్మ అయస్కాంతం కింద ఆ వాగ్దానపు కార్డు జనవరి నుంచీ అక్కడే ఉంది. అరచేయంత ఉంటుంది. అంచులకు ఎర్ర గులాబీలు. అందులో ఉన్నదల్లా ఒక్క మాట, నీ భోజనపు బల్ల చుట్టూ పిల్లలు లేత మొక్కల్లా ఉంటారని. ఆ మాట చూసుకునే కరుణా కౌస్తుభూ పాత చిన్న బల్ల తీసేసి ఆరు కుర్చీల పెద్ద బల్ల కొన్నారు. ముగ్గురు మనుషులున్న ఇంట్లో ఆరు కుర్చీలు. వాటిలో ఒకదానికి కౌస్తుభ్ పసిపిల్లల సీటు కూడా బిగించి చూసి, మురిసిపోయి, మళ్లీ విప్పి అటక మీద పెట్టాడు.

ఏసోబు కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ కార్డు అతనిది కాదు.

*

వాళ్ల తెలుగు సహవాసానికి సొంత గుడి లేదు. అమెరికన్ల చర్చి ఒకటి ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకిస్తుంది. కొత్త సంవత్సరం రోజు కూడా మధ్యాహ్నమే దొరికింది. ఆరాధన అయిపోయాక వాగ్దానాలు తీయడం వాళ్లకు ఆనవాయితీ. విజయవాడలో అచ్చువేసిన కార్డులు ఎవరో ఒకరి సూట్‌కేసులో వస్తాయి. ఒక్కో కార్డు మీద బైబిలు వాక్యంలోంచి ఒక్కో మాట. వాటిని ఒక ప్లాస్టిక్ బుట్టలో బోర్లించి పెడతారు. ఇంటికొకరు వచ్చి, కళ్లు మూసుకుని ఒకటి తీసి, మైకులో చదవాలి. ఆ ఏడాదంతా ఆ ఇంటికి దేవుడిచ్చిన మాట అది. దాన్ని గోడకో ఫ్రిజ్‌కో పెట్టుకుని, కష్టం వచ్చినా సుఖం వచ్చినా దానివైపు చూసుకుంటారు.

కరుణకు అప్పుడు నాలుగో నెల. ఎన్నో ఏళ్లు ఎదురుచూశాక నిలిచిన కడుపు. "నువ్వే తియ్యి నాన్నా, నీ చేతి మీదుగా రావాలి," అని తండ్రిని ముందుకు తోసింది. కౌస్తుభ్ కరీంనగర్ పిల్లవాడు, హిందువుల ఇంట్లో పుట్టినవాడు. ఆ రోజు భార్య కోసం వచ్చి చివరి వరసలో కూర్చుని ఫోను కెమెరా పట్టుకున్నాడు.

ఏసోబు కళ్లు మూసుకుని తీశాడు. తెరిచి చూశాడు. అంచులకు నీలంపూలున్న కార్డు. నీళ్లలోంచి నడిచిపోవలసి వచ్చినప్పుడు నేను నీ వెంట ఉంటాను, నది నిన్ను ముంచెయ్యదు, అన్న మాట అందులో ఉంది.

నీళ్లు అన్న మాట దగ్గరే అతని చూపు ఆగిపోయింది.

నిజాంపట్నం పక్క ఊరు అతనిది. ఉప్పెన వచ్చిన ఏడు అతను బళ్లో చదువుకుంటున్న పిల్లవాడు. గుడిసె కప్పు మీద తమ్ముణ్ణి పట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు కప్పుని లేపుకుపోయాయి. తమ్ముడి చెయ్యి వేళ్లలోంచి సబ్బుబిళ్ల జారినట్టు జారిపోయింది. ఆ తర్వాత అతను కాలవలో స్నానం కూడా చేయలేదు, చెంబుతోనే పోసుకునేవాడు. కడుపుతో ఉన్న కూతురు ఉన్న ఇంట్లోకి ఆ మాటను తీసుకెళ్లడానికి అతనికి మనసొప్పలేదు.

"రెండు అతుక్కుని వచ్చినై," అన్నాడు పాస్టరు గారితో. నీలంపూల కార్డు బుట్టలో పైన పెట్టేసి, అడుగు నుంచి ఇంకొకటి లాగాడు. ఎర్ర గులాబీలు. మైకులో చదివాడు. కరుణ వెనకనుంచి ఏడుస్తూ నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అతని వెనక వరసలో నిలబడింది నాగమల్లేశ్వరి. మాస్టర్స్ చదువుకి వచ్చిన మాచర్ల పిల్ల. అమెరికన్ ప్రొఫెసర్లు నోరు తిరగక నాగా అంటారు, తెలుగువాళ్లు మల్లి అంటారు. ఆమె చెయ్యి పెట్టి, బుట్టలో పైనున్న కార్డే తీసింది.

*

మల్లి కారు పాత కరోలా. ఒక వైపు వైపరు విరిగిపోయింది. ఏసోబు ఎక్కి సీటుబెల్టు కోసం వెతుక్కుంటుంటే ఆమె వంగి తానే పెట్టింది.

"తిన్నారా అంకుల్?"

"ఆఁ."

"ఏం తిన్నారు?"

అతను ఆలోచించాడు.

"చూశారా, దొరికిపోయారు." గ్లవ్‌బాక్స్‌లోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి అతని ఒళ్లో వేసింది. "మీతో డ్రైవ్ చేస్తే జీపీఎస్ ఒక్కటే మాట్లాడేది. అది కూడా పాపం ఇంగ్లీషులో."

వేరే రోజైతే అతను పెదవి చివర నవ్వేవాడు. కారు మెయిన్ రోడ్డెక్కింది. మలుపులో ఆ పొడి వెనకనుంచే ఎండ కంట్లో పడగానే మల్లి అద్దం పైనున్న ఎండ అట్ట కిందికి దించింది. ఆ అట్ట లోపలివైపు, టేపు వేసి అతికించి, నీలంపూల కార్డు ఉంది. ఒక మూల చిరిగి, ఆ చిరుగు మీద కూడా టేపు వేసి ఉంది.

ఏసోబు అది చూశాడు. రెండు సిగ్నళ్లు దాటాక నోరు విప్పాడు.

"మల్లీ, నిన్నొకటి అడగాల."

"అడగండి. మీరు అడగడమే పెద్ద న్యూస్."

"ఆ కార్డు నాకిస్తావా?"

ఆమె తల తిప్పి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిప్పుకుంది. "ఇదా? మీకుంది కదా మంచిది. పిల్లలు, మొక్కలు..."

"అది నాది కాదు. ముందు నా చేతికొచ్చింది నీ దగ్గరున్నదే. వద్దని బుట్టలో పెట్టేశా. రెండు అతుక్కున్నాయని అబద్ధమాడి."

సిగ్నల్ ఎర్రగా ఉంది. పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టింది. మల్లి ఉలిక్కిపడి కారును ముందుకు పోనిచ్చి, పక్కనే ఉన్న పెట్రోలు బంకులోకి తిప్పి, ఓ మూల ఆపింది. ఇంజను కట్టేసింది.

"ఎందుకొద్దనుకున్నారు?"

"నీళ్లని ఉంది. ఉప్పెనలో మా తమ్ముడు నా చేతిలోంచే పోయాడు. కడుపుతో ఉన్న పిల్ల ఇంటికి ఆ మాట మోసుకెళ్లబుద్ధి కాలా."

అద్దం మీద పుప్పొడి. దాని మీద ఎవరో పిల్లలు వేలితో నవ్వే మొహం గీశారు. మల్లి దాన్నే చూస్తూ కూర్చుంది.

"మా చెల్లి చచ్చిపోయింది అంకుల్. జనవరిలో."

ఏసోబు ఆమెవైపు తిరిగాడు.

"జ్వరం. డెంగీ అన్నారు. గుంటూరు తీసుకెళ్లేలోపే అయిపోయింది. వెళ్తే వీసా స్టాంపింగ్ అవుతుందో అవదో, మళ్లీ రానిస్తారో రానివ్వరో అని వెళ్లలా. మా బాబాయి వీడియో పంపాడు. రూమ్‌లో నలుగురం ఉంటాం. ఏడవాలంటే ఈ కారే ఉంది నాకు."

"ఒక ఆదివారం చర్చి వెనక, కారులో కూర్చున్నావు," అన్నాడు ఏసోబు నెమ్మదిగా. "అద్దాలు మసకబారి ఉన్నాయి."

"చూశారా మీరు?"

"చూశా. పేపర్ ప్లేట్లు పారెయ్యడానికొచ్చి."

"చూసి?"

"పారేసి లోపలికెళ్లా."

మల్లి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు వినడం అతనికి కష్టమైంది. తిట్టినా బాగుండేది.

"తలనొప్పి అని చెప్పా ఆ రోజు అందరికీ. రెండు మాత్రలిచ్చి, బిర్యానీ పార్సిల్ కట్టిచ్చారు." ముక్కు తుడుచుకుంది. "అంటే ఏంటంకుల్ ఇప్పుడు? మీకు రావాల్సింది నాకొచ్చిందనా? మీరు ఆ కార్డు పట్టుకునుంటే మా చెల్లి బతికేదా?"

"నాకు తెలవదమ్మా."

"అది నాకిచ్చారు కాబట్టి మీ పాప బాగుండాలి కదా మరి. ఎందుకు లేదు?"

"తెలవదు."

"ఏం తెలుసు మీకు?"

ఏసోబు చేతుల వైపు చూసుకున్నాడు. బిస్కెట్ ప్యాకెట్ నలిగిపోయి ఉంది. అతనికి తెలిసినవి చాలా ఉన్నాయి. మబ్బు రంగు తెలుసు, ఏ ఆకుకి ఏ తెగులొస్తుందో తెలుసు, మనిషి నడకను బట్టి ఇంట్లో ఏం జరిగిందో తెలుసు. ఈ పిల్ల భుజాలు కుంగిన సంగతి జనవరిలోనే తెలుసు. తెలిసి ఒక్కమాట అడిగినవాడు కాదు.

మల్లి ఈసారి మామూలుగా మాట్లాడింది. "నేను ఆ రోజు వచ్చింది భోజనం కోసం అంకుల్. మీ దేవుడి కోసం కాదు. లైన్‌లో ఉన్నా కదా అని చెయ్యి పెట్టా. చెల్లి పోయాక దాన్ని చింపేద్దామని పీకా. ఇదిగో, మూల చిరిగింది చూడండి. చింపబోతూ చదివా. నీళ్లు రావని ఎక్కడా రాసి లేదు. వచ్చినప్పుడు పక్కనుంటానని ఉంది, అంతే. అప్పుడు నా పక్కన ఇంకెవరూ లేరు. అందుకని మళ్లీ అతికించుకున్నా."

కారు స్టార్ట్ చేసింది.

"ఇంకేదైనా అడగండి, ఇస్తా. అది ఇవ్వలేను. అది నాది."

ఏసోబు తల ఊపాడు. ఆసుపత్రి ఉన్న డర్హమ్ దాకా జీపీఎస్ ఒక్కటే మాట్లాడింది.

*

ఆసుపత్రిలో మోచేతుల దాకా చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాలి. ఏసోబు కడుక్కున్నాడు. గది సగం చీకటిగా ఉంది. గాజుపెట్టెలో పాప. నెలలు నిండకముందే వచ్చేసిన పిల్ల. కౌస్తుభ్ నిధి అని పేరు పెట్టాడు. అటు వాళ్లమ్మకూ ఇటు ఏసోబుకూ అభ్యంతరం లేని పేరు కోసం రాత్రుళ్లు కూర్చుని వెతికిన పేరది. ఏసోబు చూపుడువేలంత చెయ్యి. నోట్లో గొట్టం. పొట్ట ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. అలాంటి నిగనిగ మంచిది కాదని పశువుల్ని సాకినవాడికి తెలుసు.

కౌస్తుభ్ గాజుపెట్టె రంధ్రంలోంచి చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. పాప పిడికిలి అతని వేలు కొసను పట్టుకుని ఉంది.

"వచ్చిన్రా మామయ్యా," అన్నాడు, కదలకుండా.

పక్కనున్న మంచం మీద కూర్చున్న కరుణ తండ్రి జేబులోకే చూసింది. అతను కార్డు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని గాజుపెట్టె మీద, పాప తలవైపు నిలబెట్టింది. పడిపోతే మళ్లీ నిలబెట్టింది.

డాక్టరు వచ్చింది. నెరిసిన జుట్టు, మెల్లటి మనిషి. కుర్చీ ఉన్నా చిన్న స్టూలు లాక్కుని కరుణ మోకాళ్ల ఎత్తున కూర్చుంది. ఆమె అలా కిందికి కూర్చోవడం చూడగానే ఏసోబుకు అర్థమైపోయింది. ఆమె చాలాసేపు మాట్లాడింది. కౌస్తుభ్ మామ కోసం మధ్యమధ్యలో చెప్పాడు.

"పేగు మొత్తం పాడైపోయిందంట మామయ్యా. ఆపరేషన్‌కి పాప తట్టుకోదంట. రాత్రి మెదడుల మళ్లీ రక్తం వచ్చిందంట. ఇప్పుడు ఊపిరి తీసేది మిషనే, పాప కాదు. నొప్పి మస్తు ఉన్నదంట, మందు ఇచ్చినా ఆగుతలేదంట. మిషన్ తీసేసి, కరుణ చేతుల పెడ్తమంటున్నరు. ఇగ..." అక్కడితో ఆపి, రెండో చెయ్యి గాజుపెట్టె మీద ఆనించాడు.

"నో," అంది కరుణ. గట్టిగా కూడా అనలేదు. డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో అంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "వీళ్లకి తెలియదు నాన్నా. మనకి మాట ఉంది. దేవుడు మాటిచ్చి తప్పుతాడా? ఇంకో వారం ఆగితే ఏమైంది? ఇంకో నెల. నేను ఆగుతా. నువ్వు చెప్పు వీళ్లకి. నీ చేత్తోనే తీశావు కదా, చెప్పు."

పెట్టెలో పాప ముఖం ముడుచుకుంది. ఏడుపే, కాని గొంతులో గొట్టం ఉంది కాబట్టి చప్పుడు లేదు. నోరు తెరుచుకుని, మూసుకుని, మళ్లీ తెరుచుకుంది. కౌస్తుభ్ తల పక్కకు తిప్పుకున్నాడు.

తాను నోరు మూసుకుంటే ఈ పసిది ఇలాగే ఏడుస్తూ ఉంటుందని ఏసోబుకు తెలిసింది. ఆ కార్డు అక్కడ నిలబడి ఉన్నంతకాలం.

"అమ్మా, ఆ మాట మనకిచ్చింది కాదు."

"ఏంటి?"

"మనకొచ్చింది వేరే. నాకు నచ్చక బుట్టలో పెట్టేసి, ఇంకోటి లాగా. ఇది నేను తెచ్చుకున్నదే. ఆయనిచ్చింది కాదు."

కరుణ అతన్ని చూసింది. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"మూడు నెలలు," అంది. "మూడు నెలలు రోజూ పొద్దున దాని ముందు నిలబడి ప్రార్థన చేశా. నువ్వు అక్కడే కూర్చుని టీ తాగావు."

"అవును."

"ఇప్పుడెందుకు చెప్పావు? చెప్పకుండా ఉండాల్సింది. అప్పుడన్నా చెప్పాల్సింది."

"అవునమ్మా."

"మరి మనదేంటి? మనకొచ్చిందేంటి?"

అతను చెప్పాడు. పుస్తకంలో ఉన్నట్టు రాలేదు, తన మాటల్లోనే వచ్చింది. నీళ్లలోకి దిగక తప్పనప్పుడు పక్కన నేను నడుస్తాను అని ఉందన్నాడు.

"పాప బతుకుతుందని ఉందా అందులో?"

"లేదు."

"చచ్చిపోతుందని ఉందా?"

"లేదమ్మా."

"మరేముంది?"

"ఉంటానని ఉంది."

"ఎక్కడున్నాడు నాన్నా?" కరుణ గది అంతా చూపించింది. గొట్టాలు, తెర మీద పరుగెత్తే ఆకుపచ్చ గీత, స్టూలు మీద కూర్చున్న డాక్టరు, గోడకున్న ఏనుగుబొమ్మ. "చూపించు. ఎక్కడ?"

ఏసోబు కూడా చుట్టూ చూశాడు. నిజంగానే వెతికాడు. చూపించడానికి అతనికి ఏమీ కనబడలేదు.

కరుణ కార్డు తీసి మంచం మీద బోర్లా పెట్టింది. గాజుపెట్టెకు ముఖం ఆనించి పాప తెరిచిన నోటి వైపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది. అతను తల ఆడించాడు. ఆమె డాక్టరుతో ఒక్కమాట అంది. డాక్టరు లేవకుండా ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

గొట్టం తీశాక పాప ముఖం మొత్తంగా కనబడింది. టేపు వేసిన చోట చర్మం ఎర్రగా కందింది. అచ్చం కౌస్తుభ్ ముక్కే. కరుణ తన చొక్కా గుండీలు విప్పి పాపను గుండెకు ఆనించుకుంది. గొంతులో అడ్డం లేకపోవడంతో పాప ఒక్కసారి చప్పుడు చేసింది. పిల్లికూన మూలిగినట్టు. వాళ్లు ఆ పిల్ల గొంతు వినడం అదే మొదలు.

"మామయ్యా," అన్నాడు కౌస్తుభ్. "మీరేదన్న చెప్పుండ్రి. మీ ప్రార్థన. నాకు రాదు."

ఏసోబు నోరు తెరిచాడు. స్వస్థత గురించి నేర్చుకున్న మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పైకి రాలేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దుప్పటి కింద చెయ్యి పెట్టి, పాప చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"వెంట ఉండు," అన్నాడు. "నాయనా, వెంట ఉండు."

ఈసారి చెయ్యి జారిపోలేదు. అతని వేళ్ల మధ్యనే ఉంది. దానిలోంచి వేడి మాత్రం కొంచెం కొంచెంగా పోయింది. నర్సు వచ్చి పాప గుండె విని, తల ఊపి వెళ్లాక కూడా అతను వదల్లేదు.

*

ఇంటికొచ్చేసరికి వాన పడుతోంది. పుప్పొడి కొట్టుకుపోయి కాలవల్లో పచ్చటి నురగ పారుతోంది. కౌస్తుభ్ కారు ఆపి, దిగకుండా కూర్చున్నాడు. కరుణ వెనక సీట్లో. ఆమె ఒళ్లో నర్సు ఇచ్చిన చిన్న పెట్టె ఉంది, పాప కాలి ముద్రలు, ఊలు టోపీ అందులో ఉన్నాయి. గులాబీల కార్డు కూడా నర్సు అందులోనే పెట్టింది, వాళ్లదే అనుకుని. ఆసుపత్రి నుంచి ఇంటిదాకా కరుణ తండ్రితో మాట్లాడలేదు. అతని వైపు చూడలేదు.

మల్లి తలుపు తీసింది. ఏసోబును ఆసుపత్రిలో దింపినప్పుడే ఇంటి తాళం తీసుకుంది, కబురు తెలిశాక ఇక్కడికే వచ్చిందట. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని ఆమెకు తెలుసు. తన రూమ్‌లో వండి గిన్నెలు మోసుకొచ్చింది. అన్నం, కందిపప్పు, బీరకాయ కూర. చేసిందంతా బల్ల మీద పెట్టి, నాలుగు కంచాలు వేసింది.

"నేను వెళ్తా అక్కా," అంది.

కరుణ ఆమె మణికట్టు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

నలుగురూ కూర్చున్నారు. రెండు కుర్చీలు మిగిలాయి. ఫ్రిజ్ తలుపు మీద మామిడిపండు అయస్కాంతం ఒక్కటే ఉంది. బయట వాన మోత పెరిగింది.

ఆ ఇంట్లో అన్నానికి ముందు ప్రార్థన ఏసోబే చేస్తాడు. అతను వచ్చిన నాటి నుంచి ఒక్కపూట తప్పలేదు. అలవాటుగా అందరి చేతులూ కంచాల దగ్గర ఆగాయి. కౌస్తుభ్ మామ వైపు చూశాడు. మల్లి కళ్లు మూసుకుని ఎదురుచూసింది. ఏసోబు తల వంచాడు. పెదవులు కదల్లేదు. అన్నం మీద ఆవిరి మెల్లగా తగ్గింది.

కరుణ గరిటె అందుకుంది. ముందు తండ్రి కంచంలో పప్పు వేసింది. అతని ముఖం చూడకుండానే వేసింది, అతను తినేంతే వేసింది. తర్వాత మిగిలినవాళ్లకు. తర్వాత తన కంచంలో.

ఏసోబు కలుపుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పప్పులో ఉప్పు పడలేదు. మల్లి తిని, తానే తెలుసుకుని, తల దించుకుంది. కౌస్తుభ్ తిన్నాడు. కరుణ తింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఉప్పు కోసం లేవలేదు. వాన పడుతూ ఉంది. నలుగురూ ఆ చప్పటి అన్నం కంచంలో మెతుకు మిగలకుండా తిన్నారు.